షుల్ట్స్ గారి ఇంటిపేరు

మేము మిల్వాకీ దగ్గరి ఈ ఊరికి వచ్చిన మొదటి చలికాలం. ఇంటి ముందు మోకాలి లోతు మంచు. దాన్ని ఎటునుంచి ఎత్తి ఎటు పోయాలో తెలియక నేను తికమకపడుతుంటే, పక్కింటి పెద్దాయన తన పార పట్టుకొచ్చి, మాటామంతీ లేకుండా నా వాకిలి సగం శుభ్రం చేసి పెట్టారు. తరవాత చెయ్యి చాపి, పేరు షుల్ట్స్ అన్నారు. నేను కరణం అన్నాను. అమెరికాలో అందరూ అడిగేదే ఆయనా అడిగారు: ఆ మాటకి అర్థం ఏమైనా ఉందా? ఊళ్ళో భూముల లెక్కలు రాసే ఉద్యోగం పేరు అది, మా పూర్వులు తరతరాలుగా చేశారు, అదే ఇంటిపేరైపోయింది అని చెప్పాను. ఆయన పార మంచులో గుచ్చి నవ్వారు. “మాదీ అలాంటిదే. ఊరిపెద్ద అని అర్థంట. మా తాత చెప్పేవాడు. అంతకుమించి నాకేమీ తెలియదు” అన్నారు.

ఆయనకి తెలియనిది తెలుసుకుందామని అప్పుడప్పుడు గ్రంథాలయానికి వెళ్ళడం మొదలుపెట్టాను. అలా పోగైన సంగతులే ఈ వ్యాసం. అందులో మన తెలుగుకి సంబంధించిన సంగతి ఒకటి దొరుకుతుందని మాత్రం అనుకోలేదు.

ముందు మాట సంగతి. షుల్ట్స్ అన్నది ‘షుల్ట్‌హైస్’ అనే పెద్ద మాట అరిగిపోగా మిగిలిన ముక్క. ప్రాచీన జర్మను భాషలో అది ‘స్కుల్ద్‌హైజో’. మొదటి సగం ‘స్కుల్ద్’ అంటే చెల్లించవలసినది, బాకీ. రెండో సగం ‘ఆజ్ఞాపించేవాడు’. కలిపితే, బాకీలు కట్టమని ఆజ్ఞ వేసేవాడు. నేటి జర్మనులో ఈ రెండు ముక్కలూ ఇంకా బతికే ఉన్నాయి. ‘షుల్ద్’ అంటే అప్పు, తప్పు కూడా. మనకి ప్రాస కోసం పక్కపక్కన నిలబడే ఈ రెండు మాటలకీ వాళ్ళకి ఒకటే మాట. ఇక ఆజ్ఞాపించడం అన్న అర్థం గల ‘హైసెన్’ ఇప్పుడు ఎక్కువగా ‘ఫలానా పేరు గలవాణ్ణి’ అని చెప్పుకోవడానికి వాడతారు. జర్మను పాఠం మొదటి రోజున పేరు చెప్పడానికి నేర్పే క్రియ అదే.

ఈ ఉద్యోగం చాలా పాతది. క్రీ.శ. 643లో ఇటలీలో లొంబార్డుల రాజు రొథారి వేయించిన శాసనసంహితలోనే ఈ మాట కనిపిస్తుంది. రాజుకో, జమీందారుకో, మఠానికో రావలసిన పన్నులు వసూలు చేయడం, చిన్నచిన్న తగాదాలు తీర్చడం ఆ అధికారి పని. పట్నాల్లో షుల్ట్‌హైస్ అంటే పెద్ద హోదానే. మహాకవి గోథె తల్లిగారి తండ్రి ఫ్రాంక్‌ఫర్ట్ నగరానికి షుల్ట్‌హైస్. ఆయన పేరు యోహాన్ వోల్ఫ్‌గాంగ్. మనవడికి ఆ తాతగారి పేరే పెట్టుకున్నారు. తాత పేరు మనవడికి పెట్టడం మన ఒక్కరి సొత్తు కాదన్నమాట.

అయితే మా షుల్ట్స్ గారి పేరు పట్నపు షుల్ట్‌హైస్‌ది కాదు, పల్లెటూరి షుల్ట్సెది. ఆ కథ తెలియాలంటే 12, 13 శతాబ్దాల్లో జర్మనులు ఎల్బ నది దాటి తూర్పుకి సాగించిన వలస గురించి కొంచెం తెలియాలి. ఆ ప్రాంతాల్లో స్లావ్ జాతులవాళ్ళు ఉండేవారు. అక్కడి ప్రభువులకి భూమి బోలెడంత ఉండేది, దున్నేవాళ్ళు తక్కువ. అందుకని పడమటినుంచి రైతుల్ని పిలిపించేవారు. పిలుచుకు రావడం, అడివి కొట్టించడం, భూమి కొలిపించి పంచడం, ఊరు నిలబెట్టడం, ఈ పనంతా ఒక మనిషికి గుత్తకిచ్చేవారు. ఊరు నిలబడ్డాక ఆ గుత్తేదారే ఆ ఊరికి షుల్ట్సె. అతనికి పన్ను లేని భూమి కొంత. ఊరి న్యాయసభకి అతనే అధ్యక్షుడు. విధించిన జరిమానాల్లో మూడో వంతు అతనిది. కొన్ని చోట్ల తిరగలిమర మీదా సారాయి అంగడి మీదా హక్కు కూడా. అన్నిటికన్నా ముఖ్యంగా ఈ ఉద్యోగం వంశపారంపర్యం. తండ్రి పోతే కొడుక్కి, భూమితో బాటు అధికారమూ వచ్చేది.

ఇది చదువుతుంటే నాకు ఎవరో మా ఊరి సంగతి జర్మనులో రాసినట్టు అనిపించింది. ఉద్యోగానికి మాన్యం, వసూళ్ళలో వాటా, తండ్రి తరవాత కొడుకు. సరిగ్గా చెప్పాలంటే షుల్ట్సెకి సాటి వచ్చేది మా కరణం కాదు, మునసబు. తెలంగాణలో అయితే పటేలు. కరణం, పట్వారీ లెక్కలవాళ్ళు. పెత్తనం మునసబుది, కలం కరణానిది. ఏ చెయ్యి బలమైనదో ఊరినిబట్టి ఉండేది.

పోలిక ఇంకా ముందుకి సాగుతుంది. ప్రష్యా రాజ్యం 1872 డిసెంబరులో ఒక చట్టం చేసి తూర్పు జిల్లాల్లో భూమితో ముడిపడిన ఈ వంశపారంపర్య షుల్ట్సె ఉద్యోగాన్ని రద్దు చేసింది. తరవాత ఊరి పెద్దని ఎన్నుకోవడం వచ్చింది. మన దగ్గర 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సుతో మునసబు, కరణం, పటేల్, పట్వారీ వ్యవస్థని ఒక్క వేటుతో తీసేసింది. మా నాన్న ఆ ఉద్యోగంలో ఉన్న చివరి మనిషి. ఆ వారం ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ఊళ్ళో మాత్రం చాలామంది సంతోషించారు. వాళ్ళ సంతోషానికి కారణాలున్నాయని ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఇక జర్మనీలో కూడా బాకీ అడిగేవాణ్ణి ఊరు ప్రేమించిందని అనుకోవడానికి వీలు లేదు.

ఉద్యోగం పోయినా పేరు మిగిలింది, అక్కడా ఇక్కడా. జర్మనీలో ఇంటిపేర్లు సుమారు 12వ శతాబ్దంలో పట్నాల్లో మొదలై, మరి మూడు నాలుగు వందల ఏళ్ళకి పల్లెలన్నిటికీ పాకాయి. ఒక ఊళ్ళో నలుగురు హాన్స్‌లు ఉంటే మిల్లు హాన్స్, కమ్మరి హాన్స్, ఊరిపెద్ద హాన్స్ అని గుర్తు పెట్టుకోవడం సహజమే. ఈనాడు ఆ దేశంలో ఎక్కువమందికి ఉన్న ఇంటిపేర్లు చూస్తే మ్యులర్ అంటే పిండిమర నడిపేవాడు, ష్మిట్ అంటే కమ్మరి, ష్నైడర్ అంటే దర్జీ, ఫిషర్ అంటే చేపలు పట్టేవాడు, వేబర్ అంటే నేతగాడు. మొదటి పదింటిలో షుల్ట్స్ ఒకటి. ఆ పదీ వృత్తులో, ఉద్యోగాలో. మన ఇంటిపేర్లలో ఎక్కువభాగం ఊళ్ళ పేర్లు. వాళ్ళకి అవి తక్కువ. ఎందుకన్న దానిమీద ఎవరైనా పరిశోధన చేస్తే చదవాలని ఉంది.

ఊరూరా ఒక షుల్ట్సె ఉండేవాడు కాబట్టి, ఊరూరా ఈ ఇంటిపేరు విడివిడిగా పుట్టింది. అంటే షుల్ట్స్‌లందరూ ఒక మూలపురుషుడి సంతానం కారు. మనలో ఒకే ఇంటిపేరు, ఒకే గోత్రం అంటే అన్నదమ్ములకింద లెక్క, పెళ్ళి కుదరదు. ఒక షుల్ట్స్ అబ్బాయి ఇంకో షుల్ట్స్ అమ్మాయిని చేసుకుంటే అక్కడ ఎవరూ కనుబొమ్మ ఎత్తరు.

ఇక రూపాలు. బ్రాండెన్‌బుర్గ్, పొమరేనియా, మెక్లెన్‌బుర్గ్ వైపు షుల్ట్స్, షుల్ట్సె. సైలీసియాలో షోల్ట్స్. పడమటి వెస్ట్‌ఫేలియాలో షుల్టె. మోజెల్ నది ప్రాంతంలో షోల్టెస్. దక్షిణాన అరగని పాత రూపం షుల్ట్‌హైస్. పొరుగుభాషలు కూడా దీన్ని వదల్లేదు. డచ్చివాళ్ళకి స్హౌట్, హంగేరీవాళ్ళకి షొల్తేస్, పోలండులో సొవ్తిస్. పోలిష్ పల్లెల్లో ఎన్నికైన ఊరిపెద్దని నేటికీ సొవ్తిస్ అనే అంటారు. జర్మనులు వదిలేసిన ఉద్యోగం పేరు పొరుగువాళ్ళ దగ్గర భద్రంగా ఉంది. న్యూయార్కు నగరం ఇంకా డచ్చివాళ్ళ చేతిలో న్యూ ఆమ్‌స్టర్‌డామ్‌గా ఉండగా, 1653లో అక్కడ ఏర్పడ్డ నగరపాలకసభలో కూడా ఒక స్హౌట్ ఉండేవాడు. ఆ లెక్కన ఈ మాట అమెరికాకి మనకన్నా, షుల్ట్స్ గారి తాతలకన్నా చాలా ముందే వచ్చింది.

వెస్ట్‌ఫేలియా షుల్టెల దగ్గర ఒక వింత ఆచారం ఉండేది. అక్కడ పేరు మనిషిది కాదు, కమతానిది. ఆ కమతంలోకి ఇల్లరికం వచ్చిన అల్లుడు తన పేరు వదులుకుని ఆ కమతం పేరు పెట్టుకోవలసిందే. మన ఇల్లరికపు అల్లుడు మామగారి అన్నం తిన్నా తన ఇంటిపేరు మాత్రం వదలడు. దత్తత అయితే తప్ప.

16, 17 శతాబ్దాల్లో చదువుకున్న జర్మనులకి ఇంటిపేర్లని లాటినులోకి మార్చుకునే సరదా పట్టుకుంది. వేబర్ కాస్తా టెక్స్‌టర్ అయ్యాడు (గోథె తాతగారి ఇంటిపేరు ఇదే). షుల్ట్సెలు కొందరు స్కుల్టేటస్ అయ్యారు, కొందరు రోమను న్యాయాధికారి పేరు మీద ప్రిటోరియస్ అయ్యారు. చర్చి సంగీతంలో పెద్ద పేరున్న మిఖాయెల్ ప్రిటోరియస్ (1571-1621) అసలు ఇంటిపేరు షుల్ట్‌హైసే. గ్యోర్లిట్స్ పట్నంలో బార్తొలొమేయుస్ స్కుల్టేటస్ (1540-1614) అని ఖగోళశాస్త్రజ్ఞుడు, పటాలు గీసినవాడు ఒకాయన ఉండేవాడు. ఆయన నిజంగానే ఆ పట్నానికి మేయరయ్యాడు. పేరుకి తగ్గ పని దొరికిన బహుకొద్దిమందిలో ఒకడు.

ఈ పేరు రాయడంలో ఉన్న గందరగోళం జర్మనులకే నవ్వులాట. ‘టీ’ ఉందా లేదా, చివర ‘ఈ’ ఉందా లేదా అని ప్రతి గుమాస్తా అడగాల్సిందే. టిన్‌టిన్ బొమ్మలకథల్లో ఒకేలా ఉండే ఇద్దరు తెలివితక్కువ డిటెక్టివులు ఉంటారు చూడండి, ఇంగ్లీషులో థామ్సన్, థాంప్సన్. జర్మను అనువాదంలో వాళ్ళ పేర్లు షుల్ట్సె, షుల్ట్సె. ఒకడికి ‘టీ’ ఉంటుంది, ఇంకొకడికి ఉండదు. తెలుగు లిపిలో రాస్తే హాస్యం మొత్తం పోయింది, గమనించారా? పలికినట్టే రాసే లిపికి ఈ జోకు లొంగదు.

ఇప్పుడు ఈ పేరు మోసినవాళ్ళలో మనం ముందుగా తలుచుకోవలసిన మనిషి. బెంజమిన్ షుల్ట్సె 1689లో బ్రాండెన్‌బుర్గ్‌లో జొన్నెన్‌బుర్గ్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. హాలె పట్నంలో చదువుకుని, క్రైస్తవ మతప్రచారకుడుగా 1719లో తరంగంబాడి చేరాడు. అక్కడ డేనిష్ రాజు అండతో నడిచే మిషనులో, బైబిలుని తమిళంలోకి తెస్తున్న జీగెన్‌బాల్గ్ అదే సంవత్సరం చనిపోయాడు. పాత నిబంధనలో మిగిలిన అనువాదాన్ని షుల్ట్సె పూర్తిచేశాడు. సాటివాళ్ళతో ఆయనకి పడేది కాదంటారు. 1726లో మద్రాసుకి మారాడు. అక్కడ వీధుల్లో తనకి వచ్చిన తమిళంతో బాటు ఇంకో భాష వినపడింది. తెలుగు. ఆ కాలపు ఐరోపావాళ్ళు దాన్ని వడుగు అనో జెంటూ అనో అనేవారు. షుల్ట్సె నేర్చుకోవడం మొదలుపెట్టాడు.

నిఘంటువు లేదు, పాఠ్యపుస్తకం లేదు, తనకన్నా ముందు నేర్చుకుని దారి చూపించిన దొర లేడు. అయినా 1728కల్లా లాటినులో తెలుగు వ్యాకరణం ఒకటి రాసేశాడు. ‘గ్రమాటికా తెలుగికా’ దాని పేరు. మనం తరచు చెప్పుకునే కేరీ వ్యాకరణం 1814, క్యాంబెల్ వ్యాకరణం 1816, బ్రౌన్‌ది 1840. వాళ్ళందరికన్నా ఎనభై ఏళ్ళకి పైగా ముందు. బైబిలుని కూడా తెలుగులోకి తెచ్చే పని చేశాడుగాని అది రాతప్రతిగానే ఉండిపోయింది. 1743లో ఆరోగ్యం చెడి హాలె తిరిగి వెళ్ళిపోయాడు. మామూలు మనిషైతే అక్కడితో విశ్రాంతి తీసుకునేవాడు. ఈయన ఆ జర్మను పట్నంలో తెలుగు అచ్చు అక్షరాలు పోయించి, 1746, 47 ప్రాంతంలో చిన్నచిన్న తెలుగు మతగ్రంథాలు అచ్చు వేయించాడు. అచ్చులో వచ్చిన మొదటి తెలుగు పుస్తకాలు అవేనని చరిత్రకారులు చెబుతారు. అంటే తెలుగు అచ్చు చూసిన మొదటి నేల మద్రాసు కాదు, బందరు కాదు, జర్మనీ. హిందుస్తానీకి కూడా ఈయన ఒక వ్యాకరణం రాశాడు, అది అప్పుడే హాలెలో అచ్చయింది. 1760లో అక్కడే పోయాడు.

ఆయన తెలుగు ఎంత బాగుండేదన్నది వేరే సంగతి. ఆ పుస్తకాలు చదివినవాళ్ళు అందులో తెలుగు తడబడుతూ నడుస్తుందనే అంటారు. ముప్ఫై ఏళ్ళు వయసు దాటాక పరాయి భాష నేర్చుకున్న మనలాంటివాళ్ళం ఆయనని వెక్కిరించే ముందు మన ఇంగ్లీషు కొంచెం వినుకోవాలి. తెలుగు వ్యాకరణం మాత్రం రాతప్రతిగా హాలెలోనే ఉండిపోయి, చివరికి అచ్చయింది 1984లో. రాసిన 256 ఏళ్ళకి. మా నాన్న కరణీకం పోయిన సంవత్సరమే ఒక ఊరిపెద్ద పేరుగలవాడి తెలుగు పుస్తకం వెలుగు చూసింది. దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. కాని నాకు మరిచిపోవడం చేతకాదు.

అదే హాలె విశ్వవిద్యాలయంలో యోహాన్ హైన్‌రిష్ షుల్ట్సె (1687-1744) అనే వైద్యశాస్త్ర ఆచార్యుడు ఉండేవాడు. చీకట్లో వెలిగే పదార్థం ఒకటి తయారుచెయ్యబోయి, సుద్దపొడిలో నత్రికామ్లం కలిపాడు. ఆ ఆమ్లంలో కొంచెం వెండి ఉంది. సీసాకి కిటికీ వైపున్న భాగం నల్లబడింది. వేడి వల్ల కాదు, వెలుతురు వల్లేనని రుజువు చెయ్యడానికి కాగితంలో అక్షరాలు కత్తిరించి సీసాకి చుట్టి ఎండలో పెట్టాడు. అక్షరాలు లోపల పొడిమీద రాసుకున్నాయి. ఫోటోగ్రఫీ పుట్టడానికి వంద సంవత్సరాల ముందు మాట ఇది. బెంజమిన్ తిరిగొచ్చిన మరుసటి సంవత్సరమే ఈయన పోయాడు. ఆ కొద్దికాలంలో ఇద్దరు షుల్ట్సెలూ ఆ ఊరి వీధుల్లో ఎదురుపడే ఉంటారని ఊహించుకోవడం నాకు సరదా.

మన ఊళ్ళతో ముడి ఉన్న ఇంకో షుల్ట్సె హెర్మన్ (1808-1883). లైప్‌జిగ్ దగ్గర డెలిట్స్ అనే చిన్న పట్నంలో న్యాయాధికారి. 1846-47 కరువులో ధాన్యం కొని, మర ఆడించి, రొట్టె చేయించి పేదలకి అందేలా ఒక సంఘం నడిపాడు. 1848లో ప్రష్యా ప్రజాప్రతినిధుల సభకి ఎన్నికైతే అక్కడ షుల్ట్సెలు ఎక్కువమంది ఉన్నారు. ఎవరు ఎవరో తెలియక ఈయన్ని ‘డెలిట్స్ షుల్ట్సె’ అనే అర్థంలో షుల్ట్సె-డెలిట్స్ అని పిలవడం మొదలుపెట్టారు. అదే చరిత్రలో నిలిచింది. మనం ఊరిపేరు ముందు పెట్టుకుంటాం, ఆయనకి వెనక తగిలించారు, అంతే తేడా.

తిరిగొచ్చి 1849లో చెప్పులు కుట్టేవాళ్ళచేత తోలు కలిసి కొనిపించే సంఘం పెట్టించాడు. మరుసటి సంవత్సరమే అప్పులిచ్చే సంఘం, అంటే 1850లో. వడ్డీవ్యాపారి గుమ్మం ఎక్కకుండా, చేతిపనివాళ్ళు తలా కాస్త పోగుచేసుకుని, తమలో ఒకరికొకరు అప్పు ఇచ్చుకోవడం. పల్లె రైతుల కోసం ఇదే పని ఇంకో పద్ధతిలో రైఫైజెన్ చేశాడు. మద్రాసు ప్రభుత్వం పంపిన ఫ్రెడరిక్ నికల్సన్ ఐరోపా అంతా తిరిగి వీళ్ళ సంఘాలు పరిశీలించి 1895, 1897లలో నివేదిక ఇచ్చాడు. 1904లో భారతదేశంలో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చినప్పుడు పల్లె సంఘాలకి రైఫైజెన్ పద్ధతి, పట్నపు సంఘాలకి షుల్ట్సె-డెలిట్స్ పద్ధతి మూసలయ్యాయి. మన చిన్న పట్నాల్లో బజారు మధ్య ఉండే కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకుకి మూలం అక్కడుంది. బాకీ కట్టమని ఆజ్ఞాపించేవాడి పేరు మోసినవాడు బాకీ భారం దించే దారి కనిపెట్టాడు. ఇంతకన్నా బాగా కల్పించడం కథకుల వల్ల కూడా కాదు.

అందరి కథలూ ఇలా సుఖంగా ముగియలేదు. బ్రూనో షుల్ట్స్ 1892లో ద్రొహోబిచ్ అనే పట్నంలో పుట్టాడు. ఆ పట్నం అప్పుడు ఆస్ట్రియా రాజ్యంలోది, తరవాత పోలండుది, ఇప్పుడు ఉక్రెయినులోది. యూదుడు. ఆస్ట్రియా ప్రభుత్వం 1787లో యూదులందరూ జర్మను ఇంటిపేర్లు పెట్టుకోవాలని ఆజ్ఞ ఇచ్చింది. ఈ పేరున్న యూదుల్లో చాలామంది ఏ ఊరికీ పెద్దలైనవాళ్ళు కారు. బ్రూనో బడిలో చిత్రలేఖనం నేర్పుతూ బతికాడు. పోలిష్ భాషలో రాసింది రెండు చిన్న కథాసంపుటాలు, 1930లలో వచ్చాయి. వాటితోనే ప్రపంచ సాహిత్యంలో చోటు సంపాదించాడు. నాజీలు వచ్చాక ఒక గెస్టపో అధికారి ఈయన చేత తన పిల్లల గదిలో గోడలమీద బొమ్మలు వేయించుకుంటూ, దానికి ప్రతిగా కాపాడుతూ వచ్చాడు. 1942 నవంబరు 19న ఆ అధికారితో కక్ష ఉన్న ఇంకో గెస్టపోవాడు బ్రూనోని నడివీధిలో కాల్చేశాడు. ఊరినించి పారిపోవాలని ఆయన అనుకున్న రోజు కూడా అదేనంటారు. ఆ గోడబొమ్మలు సున్నం కింద నుంచి 2001లో బయటపడ్డాయి. వాటిలో కొన్ని ముక్కలని యెరూషలేముకి తీసుకుపోతే, అవి ఎవరివన్న తగాదా చాలాకాలం నడిచింది.

అమెరికాలో ఈ పేరు వినగానే ఒకప్పుడు జనం నవ్వేవారు. 1965 నుంచి 1971 దాకా టీవీలో వచ్చిన ‘హోగన్స్ హీరోస్’ అనే హాస్యనాటికలో సార్జెంట్ షుల్ట్స్ అనే బొద్దు జర్మను కాపలావాడు ఉండేవాడు. ఏది చూసినా తనకేమీ తెలియదనడమే అతని పని. ఆ వేషం వేసిన జాన్ బానర్ నాజీల బారినుంచి తప్పించుకొచ్చిన ఆస్ట్రియా యూదుడన్న సంగతి చూసేవాళ్ళలో చాలామందికి తెలియదు. అంతకుముందు తరానికి షుల్ట్స్ అంటే డచ్ షుల్ట్స్, న్యూయార్కు రౌడీ. అతని అసలు పేరు ఆర్థర్ ఫ్లెగెన్‌హైమర్. అంత పొడుగు పేరు పత్రికల శీర్షికల్లో పట్టదని ఈ పేరు ఎరువు తెచ్చుకున్నానని అతనే చెప్పుకున్నాడట. 1935 అక్టోబరులో న్యూజెర్సీలోని న్యూవర్క్‌లో ఒక హోటల్లో కాల్పులకి గురై మర్నాడు పోయాడు.

ఇప్పటి పిల్లలకి షుల్ట్స్ అంటే చార్ల్స్ షుల్ట్స్. స్నూపీ, చార్లీ బ్రౌన్‌ల సృష్టికర్త. తండ్రి జర్మనీనుంచి వచ్చి మిన్నెసోటాలో మంగలిదుకాణం పెట్టుకున్నాడు. చార్లీ బ్రౌన్ తండ్రి కూడా మంగలే, గమనించండి. 1943లో తల్లి క్యాన్సరుతో పోతున్న సమయంలోనే చార్ల్స్‌కి సైన్యం పిలుపు వచ్చింది. తండ్రి పుట్టిన దేశం మీదికే యుద్ధానికి వెళ్ళాడు. 1950 అక్టోబరు 2న మొదలుపెట్టి దాదాపు యాభై సంవత్సరాలు, 17,897 బొమ్మల వరసలు, సాయం మనిషి లేకుండా తన చేత్తోనే గీశాడు. 2000 ఫిబ్రవరి 12 రాత్రి పోయాడు. ఆయన వీడ్కోలు బొమ్మ మర్నాడు ఆదివారం పత్రికల్లో వచ్చింది. జీవితమంతా ఆయన పేరులో లేని ‘టీ’ చేర్చి రాసినవాళ్ళు లెక్కలేనంతమంది.

థియొడోర్ షుల్ట్స్ (1902-1998) సౌత్ డకోటాలో జర్మను వలసరైతుల పిల్లవాడు. మొదటి ప్రపంచయుద్ధంలో పొలానికి మనుషులు దొరకరని తండ్రి చదువు మాన్పించాడు, హైస్కూలు మెట్టు ఎక్కలేదు. 1979లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. పేదరైతు తెలివితక్కువవాడు కాడు, ఉన్న వనరులని తెలివిగానే వాడుకుంటాడు, వాడికి లేనిది కొత్త సాధనం, చదువు అని 1964లో ఒక పుస్తకంలో వాదించాడు. మన దేశంలో పొలాల మీద అవసరానికి మించి జనం ఉన్నారు, కొందరు తప్పుకున్నా పంట తగ్గదని అప్పట్లో పండితుల నమ్మకం. 1918-19 ఇన్‌ఫ్లుయెంజాలో లక్షలాదిమంది పోయినప్పుడు భారతదేశంలో సాగు విస్తీర్ణం తగ్గింది కదా, మరి ఆ మనుషులు అక్కర్లేనివాళ్ళు ఎలా అవుతారు అని ఈయన ఎదురు ప్రశ్న వేశాడు. అమర్త్య సేన్ ఈ లెక్కని తప్పుపట్టారు. ఎవరిది ఒప్పైనా, డకోటా పొలం దున్నిన చేతులకి ఆ ప్రశ్న తోచడం సహజమనిపిస్తుంది.

మిగిలినవాళ్ళు ఇంకా ఉన్నారు. జర్మను పిల్లలందరూ వినే చందమామ జోలపాటకి బాణీ కట్టిన యోహాన్ అబ్రహామ్ పీటర్ షుల్ట్స్ (1747-1800), స్టార్‌బక్స్‌ని ప్రపంచమంతా నాటిన హవార్డ్ షుల్ట్స్. ఈమధ్య రాజకీయాల్లో ఒక తమాషా జరిగింది. మార్టిన్ షుల్ట్స్ 2017లో జర్మనీ ఛాన్సెలర్ పదవికి పోటీ చేసి ఓడి, 2018 ఫిబ్రవరిలో పార్టీ నాయకత్వం వదులుకుంటే, కొద్దివారాలు ఆ బాధ్యత చూసింది ఓలాఫ్ షోల్ట్స్. షుల్ట్స్ పోయి షోల్ట్స్ వచ్చె. ఊరిపెద్ద పోయి ఊరిపెద్ద. ఆ షోల్ట్సే 2021 డిసెంబరు నుంచి 2025 మే దాకా దేశానికి పెద్ద అయ్యాడు.

ఇదంతా ఒక శనివారం మధ్యాహ్నం షుల్ట్స్ గారికి చెప్పాను. ఆయన ఓపికగా విన్నారు. తెలుగు పుస్తకాల సంగతి రెండుసార్లు చెప్పించుకున్నారు. తరవాత, నేను అడగకుండానే, తన ఇంటి సంగతి చెప్పారు. వాళ్ళవాళ్ళు పొమరేనియానుంచి వచ్చారు. మిల్వాకీ చుట్టుపక్కల ఆ ప్రాంతంవాళ్ళు చాలామంది ఉన్నారు. మాకు దగ్గర్లోని ఫ్రైష్టాట్ అనే పల్లెని 1839లో నిలబెట్టింది పొమరేనియా లూథరన్లే. ఆయన తాత చిన్నప్పుడు ఇంట్లో, చర్చిలో, దుకాణంలో అంతా జర్మనే. 1917లో అమెరికా యుద్ధంలోకి దిగింది. 1918 ఏప్రిల్లో ఇల్లినాయ్‌లో ప్రాగర్ అనే జర్మను కార్మికుణ్ణి గుంపు ఉరితీసింది. మే నెలలో అయోవా గవర్నరు బయట ఇంగ్లీషు తప్ప వేరే భాష మాట్లాడకూడదని, టెలిఫోనులో కూడా కుదరదని ప్రకటించాడు. ఆ రోజుల్లో తాతగారు పేరులోంచి ‘సీ’ తీసేశారు. జర్మను వాసన కొంచెం తగ్గుతుందని. ఆయన తమ్ముడు తీయనన్నాడు. అన్నదమ్ములు ఆ ఒక్క అక్షరం మీద చాలా ఏళ్ళు మాట్లాడుకోలేదట.

1945 తరవాత వాళ్ళ పొమరేనియా పోలండుదైపోయింది. అక్కడి జర్మనులని వెళ్ళగొట్టారు, ఊళ్ళకి పోలిష్ పేర్లొచ్చాయి. మన బెంజమిన్ షుల్ట్సె పుట్టిన జొన్నెన్‌బుర్గ్ కూడా అలాగే ఇప్పుడు పోలండులో స్వొయిన్‌స్క్. షుల్ట్స్ గారు ఒకసారి తన తాతల ఊరు చూసొచ్చారు. చర్చి ఉంది, చెరువు ఉంది, సమాధిరాళ్ళు మాత్రం లేవు. ఊళ్ళో ఒకామె కాఫీ ఇచ్చిందట. ఆమే ఆ ఊరి సొవ్తిస్.

నేను నా సంగతి చెప్పాను. మా అబ్బాయి బడిలో పిల్లలు కరణం అన్న పేరుని కారెన్ అని పిలుస్తున్నారని, పేరు మార్చుకుంటానని వాడు రెండు నెలలుగా పోరు పెడుతున్నాడని. ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన కరణం మల్లీశ్వరి ఉందిరా అంటే, ఆవిడ ఎవరని అడిగాడు. షుల్ట్స్ గారు ఏ సలహా ఇవ్వలేదు. వాడిని ఓసారి పంపించు, మా చిన్నతాత రాసిన ఉత్తరాలు చూపిస్తానన్నారు.

లేచి వెళ్ళేముందు ఆయన ఒక కాగితం, పెన్సిలు తెచ్చి, తన పేరు మా లిపిలో ఎలా ఉంటుందో రాయమన్నారు. రాశాను: షుల్ట్స్. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, ఇది ‘సీ’ ఉన్నదా లేనిదా అని అడిగారు. తెలుగులో రెండింటికీ ఇదేనండీ అన్నాను. మరో కాగితం ఇచ్చి, ఇంకొకటి రాసిమ్మన్నారు, క్రిస్మసుకి చిన్నతాతగారి మనవళ్ళకి పంపిస్తానని.